వంతెన కింద ఎడమ కాలి బూటు

సోమవారం ఉదయం పదకొండింటికి ఒక బస్ కండక్టర్ టికెట్ల సంచి భుజాన వేసుకుని మా ఆఫీసులోకి వచ్చింది. నా బల్ల మీద ముప్పై ఒక్క ఏళ్ల నాటి కాగితం ముక్క ఒకటి పెట్టి, "ఈ బూటు మీ దగ్గరుందా మేడం?" అని అడిగింది. నలభై నాలుగు, నలభై ఐదేళ్లు ఉంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. అరగంటలో మళ్లీ డ్యూటీ ఎక్కాలట.

కాగితం చూడగానే గుర్తుపట్టాను. అది మా వారపత్రికలోదే. "ఇదీ జరిగింది" అని మాకొక శీర్షిక ఉంది. చరిత్రలో మరుగున పడ్డ వింతలు, తేలని నేరాలు, పేరున్నవాళ్ల గుట్టుమట్లు వారానికొకటి చొప్పున వేస్తాం. రాసేది మా బావ, అంటే మా అక్క భర్త. అచ్చుకు వెళ్లే ముందు అందులోని ప్రతి పేరూ, ప్రతి తేదీ, ప్రతి అంకె సరిచూసేది నేను. ముప్పై మూడేళ్లుగా ఇదే పని. ఇంట్లో ఎవరైనా "నిన్న వాన పడింది" అన్నా "ఏ వేళప్పుడు?" అని అడిగే జబ్బు అంటుకుంది నాకు.

ఆ కాగితంలో ఉన్నది ఒక నాటక నటి హారం కథ. అరవై ఏళ్ల కిందట ఆవిడ పేరు చెబితే జనం టికెట్ల కోసం గోడలు దూకేవారు. ఒకరోజు రెండో అంకం నడుస్తుండగా ఆవిడ గదిలోంచి వజ్రాల హారం మాయమైంది. మూడో రోజున అదే నాటకశాలలో దీపాలు వెలిగించే పనివాడిని పట్టుకున్నారు. తీశానని ఒప్పుకున్నాడు, ఎక్కడ పెట్టాడో మాత్రం చెప్పలేదు. పదకొండు నెలలకు జైల్లోనే జ్వరంతో పోయాడు. హారం ఈనాటికీ దొరకలేదు. ఇదంతా నిజం. కోర్టు కాగితాలు, జైలు రిజిస్టరు నేను కళ్లారా చూశాను.

ఒక్క వాక్యం మాత్రం అబద్ధం. "పట్టుబడ్డ రోజు ఉదయమే అతను మడమ ఊడిన తన ఎడమ కాలి బూటును వంతెన కింద ఉన్న బూట్ల కొట్టులో బాగుచేయడానికి ఇచ్చాడు, దాన్ని తీసుకోవడానికి మళ్లీ ఎవరూ రాలేదు."

ఈ అబద్ధం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ఎదురు పత్రికవాళ్లు మా శీర్షికను మక్కీకి మక్కీ ఎత్తి వేసుకునేవారు. అడిగితే, చరిత్ర ఎవడబ్బ సొత్తు అనేవారు. బావకి చిర్రెత్తుకొచ్చి ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి నిజమైన కథలోనూ ఒక చిన్న అబద్ధం దాచడం. దానికి మేమిద్దరం "ముల్లు" అని పేరు పెట్టుకున్నాం. ఎత్తుకెళ్లినవాడు ముల్లుతో సహా ఎత్తుకెళతాడు, అప్పుడు దొరికిపోతాడు. ఇద్దరు ముగ్గురు అలా దొరికారు కూడా. నియమం ఒక్కటే, ముల్లు ఏ మనిషికీ గుచ్చుకోకూడదు. గొడుగు రంగు, ఆ పూట పడిన వాన, కిటికీలో చిలక, ఇలాంటివే ఉండాలి. ఆ అబద్ధాన్ని బావ ఒక నోట్‌బుక్‌లో రాసేవాడు. అది నిజంగా అబద్ధమేనా కాదా అని నేను సరిచూసేదాన్ని. పొరపాటున నిజమై కూర్చుంటే ముల్లు పనికిరాదు కదా. నవ్వుకోండి, నా ఉద్యోగంలో అదీ భాగమే.

బూటు విషయంలో నేనేం చేశానంటే, దొంగతనం జరిగిన ఏడాది నాటి వ్యాపారుల పట్టిక తిరగేశాను. వంతెన కింద బూట్ల కొట్టు అన్నది అందులో లేదు. కుర్చీలోంచి లేవకుండానే "అలాంటి కొట్టు లేదు" అని రాసి పొట్టి సంతకం పెట్టాను. మా ఆఫీసు నుంచి వంతెనకు బస్సులో ఇరవై నిమిషాలు. వెళ్లలేదు.

"కొట్టు ఉంది మేడం," అంది కండక్టర్. "మా తాత పెట్టాడు, ఇప్పుడు మా నాన్న నడుపుతున్నాడు. తలుపు లేదు, వంతెన కమాను కింద గోనెపట్టా కట్టుకుని కూర్చుంటాం. తలుపు లేని కొట్లు ఆ పట్టికలో ఎక్కించేవాళ్లు కాదంట."

నేను ఆ కాగితాన్ని నా వైపు తిప్పుకుని బూటు వాక్యం మళ్లీ చదివాను.

బూటు లోపల హారం ఉందని మేమెక్కడా రాయలేదు. ఆ మాట పాఠకులు రాసుకున్నారు. మడమ ఊడిందంట, అంటే మడమలో ఏదో దాచాడన్నమాట, కొట్టువాడి చేతికి చిక్కిందన్నమాట, నొక్కేశాడన్నమాట. మనవాళ్లకు ఒక బూటు ఇస్తే చాలు, దాన్ని తొడుక్కుని ఊరేగుతారు. ఆ వారం నుంచే జనం వంతెన కిందకు వరస కట్టారట. కండక్టర్ వాళ్ల నాన్న లేదు బాబూ అంటే, నిప్పు లేనిదే పొగొస్తుందా అన్నారట. మూడుసార్లు ఆయన లేని వేళ చూసి నేల పెకలించారట. ఈ పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. మా నాన్న అబద్ధం చెప్పడని క్లాసులో కొట్లాడి ముందు పన్ను విరగ్గొట్టుకుందట. పెదవి పైకెత్తి చూపించింది, నేను అడగకపోయినా.

"ఇప్పుడెందుకు వచ్చానంటే," అని ఇంకో కాగితం తీసింది. అది మున్సిపాలిటీ నోటీసు. పాత నేరాల మీద వీడియోలు తీసే ఛానల్‌వాళ్లు ఎవరో ఆ కమాను కింద తవ్వడానికి అనుమతి తెచ్చుకున్నారు. వచ్చే శనివారం ఉదయం తొమ్మిదికి ముహూర్తం. "రాళ్లు లేపాక ఆ చోటు మళ్లీ ఇవ్వరు మేడం. మా నాన్నకి ఎనభై రెండు. ఇంట్లో కూర్చోబెడితే నాలుగు రోజులు కూడా ఉండడు. మీరు రాశారంటే బూటు మీ దగ్గరే ఉండుంటుంది. అది తీసి చూపిస్తే తవ్వడం ఆపుతారు కదా."

ముప్పై ఒక్క ఏళ్లుగా మా రాతవల్ల నలిగిపోయిన ఇంటి పిల్ల, ఇంకా మా రాత నిజమేనని నమ్మి వచ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గుపడితే వెంటనే కోపం రావడం నా స్వభావం, కాబట్టి కోపం కూడా వచ్చింది.

"బూటు లేదమ్మా," అన్నాను. "ఎప్పుడూ లేదు. మేం కల్పించాం. శనివారం లోపు ఇది సరిచేయించి తీరతాను."

ఆ పిల్ల నన్ను తిడితే బాగుండేది. టికెట్ల సంచి సర్దుకుని, "సరే మేడం, బస్సుకి టైమైంది," అని వెళ్లిపోయింది.

సాయంత్రం సొరుగులోంచి ఆ పాత నోట్‌బుక్ తీసుకుని బావ దగ్గరికి వెళ్లాను. డెబ్బై ఆరేళ్ల మనిషి సాక్ష్యం చెబితే ఎడిటర్ కాదనలేడని నా ఆశ. అక్క తలుపు తీస్తూనే, "మెల్లిగా మాట్లాడు, పుస్తకం రాస్తున్నారు," అంది.

"బావా, దీపాల పనివాడి బూటు మనం కల్పించిందని ఎడిటర్‌కి ఒక ముక్క రాసివ్వాలి."

"కల్పించడమేంటి మరదలు పిల్లా?" అన్నాడు. నాకు యాభై ఎనిమిది వచ్చినా ఆయనకి నేను మరదలు పిల్లనే. "ఆ బూటు నిజం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. లేచి బీరువాలోంచి ఐదు లావుపాటి పుస్తకాలు తెచ్చి నా ఒళ్లో పడేశాడు. ఐదింట్లోనూ బూటు ఉంది. ఒకదాంట్లో బొమ్మ కూడా ఉంది. కింద చిన్న అక్షరాలు చూశాను, అలవాటు పోదు కదా. మొదటి పుస్తకానికి ఆధారం రెండోది, రెండోదానికి మూడోది. అలా వెళ్లి వెళ్లి ఐదోదాని అడుగున "ఒక వారపత్రిక" అని ఉంది.

"ఈ ఐదుగురూ నీ సంతానమే బావా. అందరూ నీ దగ్గర్నుంచే పుట్టారు."

"ఐదుగురు పెద్దమనుషులు పొరబడతారా?"

నాకు ఒళ్లు మండి నోట్‌బుక్ తెరిచి ఆయన ముక్కు కింద పెట్టాను. "ఇది ఎవరి రాత?"

"నాదే."

"ఏమని ఉంది?"

కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ముల్లు. ఎడమ కాలి బూటు. పూర్తిగా కల్పితం."

"మరి?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. గుర్తొచ్చిందేమో, ఒప్పుకుంటాడేమో అని నేను కాగితం, పెన్ను తీసి పట్టుకున్నాను. "అప్పటికి నాకు తెలీదు," అన్నాడు చివరికి. "కల్పిస్తున్నానని అనుకున్నాను. తర్వాత నిజమని తేలింది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాడితో ఎవరు వాదించగలరు. నోట్‌బుక్ సంచిలో కుక్కుకుని లేచాను. గుమ్మం దాకా వచ్చిన అక్క, "నలభై ఎనిమిదేళ్ల నుంచి నేను పడుతున్నాను, నువ్వు ఒక్క పూటకే అలిసిపోయావా?" అంది. వేడి వేడి కూర డబ్బాలో పెట్టి చేతికిచ్చి పంపింది. కోపంలో దాన్ని బస్సులో మరిచిపోయాను.

మంగళవారం మున్సిపాలిటీకి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. ఫైలు తెరిచి చూపించాడు. తవ్వకానికి ఆధారంగా పెట్టిన మొట్టమొదటి కాగితం మా వ్యాసమే, రెండో కాగితం బావ సంతానంలో మూడోది.

"మేడం, ఇది అచ్చులో ఉంది," అన్నాడు.

"అచ్చు వేసింది మేమే. అబద్ధమని మేమే వచ్చి చెబుతున్నాం."

"నోటితో చెబుతున్నారు. నోటిమాట ఫైల్లో ఎలా పెట్టను?"

"నోట్‌బుక్ తెచ్చాను, చూడండి."

"అది చేతిరాత. అచ్చయిన దాన్ని అచ్చులోనే కాదనాలి. శుక్రవారం మీ పత్రికలో రానివ్వండి, శనివారం తవ్వకం నేనే ఆపుతాను."

"ఒకవేళ తవ్వితే, రాళ్లు మళ్లీ పరిచి ఆయన చోటు ఆయనకి ఇస్తారా?"

"కమాను బలం పరీక్షించాలి కదా. రెండేళ్లు పట్టొచ్చు."

"ఆయనకి ఎనభై రెండేళ్లండీ."

అధికారి కాగితాలన్నీ ఒకసారి తిరగేశాడు. "వయసు సంగతి ఈ ఫైల్లో లేదు," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే వెతికాడు. అదే ఇంకా బాధ.

బుధవారం ఎడిటర్ గది. నేను వచ్చాక మారిన ఎడిటర్లలో ఇతను నాలుగోవాడు, నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. సంగతంతా విని ముందు వెళ్లి తలుపు వేశాడు.

"ఒక్క బూటు అబద్ధమంటే మిగతావాటి సంగతేంటని అడుగుతారు మేడం."

"అడగనివ్వండి. పదహారు వందల పైచిలుకు ముళ్లున్నాయి, వరసగా వేద్దాం."

అతని మొహం పాలిపోయింది. "ఎవరూ పట్టించుకోని విషయాన్ని మనమే కెలకడం ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కేశాం కదండీ. ముప్పై ఒక్క ఏళ్లయింది తొక్కి. ఇప్పుడు కడగడం గురించే మాట్లాడుతున్నాం."

గంటన్నర అయింది. గోడకు చెప్పుకున్నా ఈపాటికి పెచ్చులైనా రాలేవి. చివరికి, నోట్‌బుక్ తీసుకెళ్లి ఎదురు పత్రిక బల్ల మీద పెడతానన్నాను. అప్పుడు దిగొచ్చాడు. ముప్పై ఎనిమిదో పేజీలో, గళ్లనుడికట్టు జవాబుల కింద, మూడు లైన్లు ఇస్తానన్నాడు. "ఆ వాక్యానికి తగిన ఆధారం లేదని గమనించగలరు" అని రాశాడు. నేను కొట్టేసి నా చేత్తో రాశాను: "ఆ బూటు మేము కల్పించినది. అలాంటి బూటు ఎప్పుడూ లేదు. ఇన్నేళ్లూ నిజమే చెప్పిన కొట్టు యజమానిని క్షమించమని కోరుతున్నాం."

ముప్పై మూడేళ్లలో నా రాత పత్రికలో పడబోవడం అదే మొదటిసారి. మూడు లైన్లయినా గళ్లనుడికట్టు కిందయినా, నాకు ఆ రోజు అన్నం సయించింది.

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు పేజీలు ప్రెస్సుకు వెళతాయి. ఆ మూడు లైన్లున్న పేజీ నకలు ఒకటి సంచిలో పెట్టుకుని ఉదయం పదింటికి బస్సెక్కాను. అచ్చులో రాకముందే ఆయనకి చదివి వినిపించాలనిపించింది. దారిలో నా వాచీ చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

కమాను కింద గోనెపట్టా పక్కకు కట్టి ఉంది. తడి ఇటుకల వాసన, జిగురు వాసన కలిసి వస్తున్నాయి. గోడకు మేకులు కొట్టి, బూటు కొలతకు పెట్టే చెక్క పాదాలు వేలాడదీశారు, పెద్దవాళ్లవి, పిల్లలవి, ఒక్కో పాదం మీద సున్నంతో అంకె. పైన రైలు వెళితే అవన్నీ కాస్త కదిలి ఒకదానికొకటి తగులుతున్నాయి. కింద రాతి నేల. అరవై ఏళ్లు ఒకే చోట కూర్చుని కూర్చుని ఆయన మడమలు ఆనే దగ్గర రెండు గుంటలు పడ్డాయి.

పెద్దాయన ఎవరిదో స్కూలు బూటు ఒళ్లో పెట్టుకుని కుడుతున్నాడు. కూతురు యూనిఫాంలోనే ఒక పెట్టె మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"పత్రిక నుంచా తల్లీ?" అన్నాడాయన. "ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది రావడానికి. దారిలో ట్రాఫిక్ ఎక్కువేమో."

చెంపదెబ్బ తిన్నట్టయింది, కానీ ఆయన ఎగతాళిలో విషం లేదు. పేజీ తీసి ఆ మూడు లైన్లు చదివాను. సూది ఆపి, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"బాగుంది. 'ఇన్నేళ్లూ నిజమే చెప్పిన' అన్నావు చూడు, అది చాలా బాగుంది." కళ్లు తెరిచాడు. "ఇప్పుడు దాన్ని ఆపు."

"ఏంటండీ?"

"అచ్చు వేయించకు. నిన్న బూటు దొరికింది."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నోటీసు వచ్చిన రోజు నుంచే ఆయన పని మొదలుపెట్టాడట. వాళ్ల నాన్న నాటి తోలు ముక్క ఒకటి అటక మీద పడి ఉంది. పాత రకం మేకులు డబ్బాలో ఉన్నాయి. ఎడమ పాదం చెక్క తీసి, ఆ కాలం కుట్టు వేసి, మడమ లోపల కత్తితో గూడు తొలిచాడట. నిన్న మధ్యాహ్నం ఛానల్‌వాళ్లు నేల కొలుచుకోవడానికి వస్తే, గుడ్డ విప్పి ఆ బూటు వాళ్ల చేతిలో పెట్టాడట.

"కొత్త బూటు కుట్టడానికి నాకు ఒకటిన్నర రోజు చాలు," అన్నాడు. "పాతదిగా కనిపించేట్టు చెడగొట్టడానికే నాలుగు రోజులు పట్టింది. ఇన్నేళ్లూ బాగుచేయడమే కదా, చెడగొట్టడం చేతకాలేదు."

"వాళ్లు నమ్మారా?"

"కెమెరా పట్టుకున్నాయన ఏడ్చాడు తల్లీ. మడమ ఖాళీగా ఉందని చూసి ఇంకా సంబరపడ్డారు. హారం మరెవరు తీశారో కనుక్కోవాలంట, ఇంకో పది వీడియోలకు సరిపోతుందంట. సాయంత్రమే నాటకశాల వైపు వెళ్లిపోయారు. మున్సిపాలిటీ ఆయన ఫోన్ చేశాడు, బూటు దొరికింది కాబట్టి తవ్వే పని లేదు, ఫైలు మూసేశామన్నాడు."

"ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అడగలేదా?"

"అడిగారు. భయమేసి దాచానన్నాను."

అప్పటిదాకా మాట్లాడని కూతురు ఒక్కసారిగా నా వైపు తిరిగింది. "చూశారా మేడం? ముప్పై ఒక్క ఏళ్లు లేదు లేదు అన్నవాడు నిన్న ఉందన్నాడు. పొద్దున బస్సులో ఇద్దరు, మీ నాన్న భలే గడుసువాడమ్మా, అందర్నీ నమ్మించాడు అన్నారు. టికెట్ ఇచ్చి చిల్లర ఇచ్చాను. ఏం చెప్పను వాళ్లకి? నా పన్ను ఎందుకు విరిగిందని చెప్పను?"

"ముప్పై ఒక్క ఏళ్లు నిజం చెప్పాను కదమ్మా," అన్నాడు తండ్రి. "ఒక్కడు నమ్మాడా? నిన్న ఒక్కసారి అబద్ధం చెప్పాను, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ నమ్మారు. పేరు పోతే పోయింది. కూర్చునే చోటు మిగిలింది."

ఆ మాట అని, సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి, కూతురికిచ్చాడు. ఆ పిల్ల ఏడుస్తూనే ఎక్కించి ఇచ్చింది.

నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. నా సంచిలో నిజం ఉంది. ముప్పై మూడేళ్లుగా ఒక్క తప్పు తేదీ కోసం ప్రెస్సు ఆపించిన మనిషిని నేను. రేపు ఆ మూడు లైన్లు వస్తే ఈయన బూటు దొంగ బూటని తేలుతుంది. మోసం చేశాడని మున్సిపాలిటీ ఫైలు మళ్లీ తెరుస్తుంది, ఛానల్‌వాళ్లు రెట్టింపు కక్షతో గడ్డపారలు పట్టుకొస్తారు. రాకపోతే ఈయన బతికినన్నాళ్లూ అబద్ధాలకోరు. రెండింటికీ మూలం నేను కుర్చీలోంచి లేవకుండా పెట్టిన పొట్టి సంతకం.

"మీరు ఆలోచించుకునే అంటున్నారా?" అని అడిగాను.

"నీకు ఇంకా టైముందా?"

వాచీ చూశాను. పదకొండు దాటి పది నిమిషాలు. పెద్దాయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది, కానీ ఆయన అప్పటికే స్కూలు బూటు మీదకు వంగిపోయాడు. నేను రోడ్డు మీదకు వచ్చి, నా వయసూ మోకాళ్లూ మరిచిపోయి, కదిలిన బస్సు వెనక పరిగెత్తాను.

ముప్పై ఎనిమిదో పేజీలోంచి ఆ మూడు లైన్లు నేనే తీయించాను. ఎడిటర్, "నిన్నంతా నా ప్రాణం తోడేశారు కదా మేడం," అన్నాడే కానీ మొహం వెలిగిపోయింది. ఖాళీలో తాబేళ్ల ఆయుష్షు గురించి ఏదో వేశారు. అది కూడా నేనే సరిచూడాల్సి వచ్చింది.

శుక్రవారం బావ ఫోన్ చేశాడు. వీడియో చూశాడట. "నేను చెప్పలేదూ?" అని ఒక్క ముక్క అని, నేను ఏదో అనేలోపు పెట్టేశాడు. ఆదివారానికల్లా వచ్చే వారం శీర్షిక రాసి పంపేశాడు: "దొరికిన బూటు".

సోమవారం పొద్దున్నే అది నా బల్ల మీద ఉంది. పెన్సిల్ తీసుకుని కూర్చున్నాను. పనివాడు ఇచ్చిన బూటు, కొట్టులో దాగిన బూటు, దొరికిన బూటు. ఒక్కో లైను పక్కన సరిచూసినట్టు గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. చెయ్యి నొప్పి పుట్టింది, రాత వల్ల కాదు. నాలుగో పేరాలో ఈ వాక్యం తగిలింది: "నిజం తెలిసి కూడా ముప్పై ఒక్క ఏళ్లు నోటికొచ్చిన అబద్ధం చెప్పిన ఆ ముసలివాడి వల్లే ఈ రహస్యం ఇంతకాలం వెలుగు చూడలేదు."

ఆ పత్రికను ఆయనకి ఎవరు చదివి వినిపిస్తారో నాకు తెలుసు. ఆ వాక్యాన్ని అడ్డంగా, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశాను.

ఎడిటర్ నా బల్ల దగ్గరికే వచ్చాడు. "అది తీసేస్తే ఎలా మేడం? బూటు ముప్పై ఒక్క ఏళ్లు ఎందుకు బయటపడలేదని చదివేవాళ్లు అడగరా? ఎవరిదో ఒకరిది తప్పుండాలి కదా."

"ఉంది," అన్నాను.

కొట్టేసిన లైను పైన నా చేత్తో రాశాను: "ఆనాడు ఈ వివరం సరిచూడాల్సిన మా ఉద్యోగి వంతెన దాకా వెళ్లనేలేదు. వెళ్లి అడిగి ఉంటే ఆ పెద్దాయన ఆ రోజే ఉన్నదున్నట్టు చెప్పి ఉండేవాడు. ఆయన తప్పు ఏమీ లేదు, తప్పు పూర్తిగా మా ఉద్యోగిది." రాశాక అలవాటు ప్రకారం ఒక్కో మాటా సరిచూశాను. ఆ వ్యాసం నాలుగో పేరాలో నేను దిద్దాల్సింది ఇంకేమీ కనిపించలేదు.

ఎడిటర్ రెండుసార్లు చదివాడు. "ఇది మీ గురించే కదా," అన్నాడు గొంతు తగ్గించి. "వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, ఇప్పుడెందుకు ఇదంతా? ఉద్యోగి అని ఉంచుదాం లెండి. పేరు వద్దు."

"వెయ్యండి," అన్నాను. "ఇంటిపేరుతో సహా."